వెనక్కి ఎలా రావాలి? రెండు ఫోన్ల మధ్య అసలు తేడా

2025 సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా తమ్ముడు, తాను రెండేళ్లు వాడిన ఐఫోన్ 14ను వాళ్లమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు. అంటే మా పిన్ని చేతిలో. ఎనిమిదేళ్లుగా ఆండ్రాయిడ్ ఫోన్లే వాడిన మనిషి ఆవిడ. వాడి విమానం ఇంకా గాల్లో ఉండగానే నాకు పిలుపు వచ్చింది, పాత ఫోను నుంచే. "కొత్తది బాగానే ఉందిరా, నున్నగా ఉంది. లోపలికి వెళ్లడం తెలుస్తోంది గానీ వెనక్కి ఎలా రావాలో తెలియడం లేదు" అంది.

వెళ్లి చూస్తే ఆవిడ బొటనవేలు తెర కుడి అంచును పట్టుకుని లోపలికి లాగుతోంది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి కాస్త గట్టిగా. తెర కదల్లేదు. పాత ఫోనులో ఆ అంచును అలా లాగితే ఏ యాప్‌లో ఉన్నా ముందటి తెరకు వచ్చేసేది. ఈ ఫోనులో ఆ అంచుకు చెవుల్లేవు.

ఐఫోను గొప్పదా, ఆండ్రాయిడ్ గొప్పదా అని పెళ్లిపందిళ్లలో, రైలు ప్రయాణాల్లో వాదించిన పాపం నాకూ ఉంది. ఆ వాదనల్లో ఎప్పుడూ కెమెరా, బ్యాటరీ, చిప్పు, ధర ఇవే దొర్లేవి. వెనక్కి రావడమన్న ముక్క ఒక్కరూ ఎత్తలేదు. అలాంటిది పిన్ని వేలికి ఆ తేడా మొదటి గంటలోనే తగిలింది.

ఆండ్రాయిడ్‌లో వెనక్కి తీసుకురావడం ఫోను బాధ్యత. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను, హెచ్‌టీసీ తయారుచేసిన జి1 మీద, అందుకోసం విడిగా ఒక మీటే ఉండేది. తర్వాత ఆ మీట తెర అడుగున త్రికోణమైంది. 2019లో ఆండ్రాయిడ్ 10తో తెర రెండు అంచుల్లోకీ ఇంకిపోయింది. రూపం ఎలా మారినా ఒప్పందం ఒకటే: మీరు ఎటు నుంచి వచ్చారో ఫోను గుర్తుపెట్టుకుంటుంది, అడిగితే అటే తీసుకెళ్తుంది. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి యూట్యూబ్‌లోకి వెళ్తే, అంచును ఒక్కసారి లాగితే మళ్లీ వాట్సాప్‌లో ఉంటారు.

ఐఫోనులో అది యాప్ బాధ్యత. 2007లో ఆపిల్ ఫోను ముఖాన ఒకే ఒక్క మీట పెట్టింది, అది ఎక్కడున్నా ఇంటికి చేర్చే మీట. లోపలి దారులన్నీ యాప్ రాసేవాళ్లకు వదిలేసింది. వాళ్లు తెర పైన ఎడమ మూల చిన్న బాణం గీసేవాళ్లు. అప్పటి తెర మూడున్నర అంగుళాలు కాబట్టి బొటనవేలు ఆ మూలకు హాయిగా అందేది. ఐఫోన్ 14 తెర 6.1 అంగుళాలు. మూల ఎక్కడో పైకి వెళ్లిపోయింది, మన వేలు మాత్రం పెరగలేదు. 2013లో ఐఫోనును నడిపే సాఫ్ట్‌వేరు ఐఓఎస్ 7తో ఎడమ అంచు నుంచి లాగే సదుపాయం వచ్చింది గానీ అది అన్ని తెరల మీదా పనిచేయదు. కొన్నిటిని కిందికి తోయాలి, కొన్నిటికి 'డన్' నొక్కాలి, కొన్నిటికి మూలన ఇంటూ గుర్తు వెతుక్కోవాలి.

ఆపిల్ లెక్కలో ప్రతి యాప్ ఒక ఇల్లు. ఏ గదికి ఎటు తలుపు పెట్టాలో కట్టినవాడికి తెలుసు, మధ్యలో ఫోను వేలు పెట్టకూడదు. ఆండ్రాయిడ్ లెక్కలో ఊరంతటికీ ఒకటే బస్సు, ఎక్కిన చోటికే తెచ్చి దింపుతుంది. ఆ బస్సుకు కాస్త తిక్క కూడా ఉంది. ముందటి తెర వస్తుందనుకుంటే ఒక్కోసారి యాప్‌లోంచే బయటికి తోసేస్తుంది. అందుకే ఈమధ్య ఆండ్రాయిడ్‌లో, వేలు లాగుతుండగానే వెళ్లబోయే తెరను కాస్త తొంగిచూపించే ఏర్పాటు చేశారు. ఇలా ముందే చూపించాల్సి వచ్చిందంటేనే, దిగేది ఎక్కడో ప్రయాణికులకు ఏనాడూ సరిగ్గా తెలియలేదని అర్థం.

పిన్నికి ఈ పురాణమేమీ విప్పలేదు. తెర మీద తేలుతూ ఉండే గుండ్రటి మీట ఒకటి ఐఫోనులో 2011 నుంచీ ఉంది, అసిస్టివ్ టచ్ అంటారు. వేళ్లు సరిగ్గా కదలని వాళ్ల కోసం పెట్టినది. మన దేశంలో మాత్రం, అసలు మీట అరిగిపోతుందేమోనన్న భయంతో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా దాన్నే నొక్కుతూ ఏళ్లు గడిపారు. అది పెట్టి చూశాను. అందులో ఇంటికి వెళ్లే దారి ఉంది, వెనక్కి వచ్చే దారి లేదు.

అప్పుడు నాకు తోచిందేమిటంటే, ఫోనుకు ఒక స్వభావం ఉందని మనకు అనిపించేది సదుపాయాల వల్ల కాదు. సదుపాయాలను ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు ఏడాది తిరక్కుండా ఎత్తుకుపోతూనే ఉన్నారు. ఫలానా సంగతిలో మాట ఎవరిది, ఫోను చేసినవాడిదా, యాప్ రాసినవాడిదా, వాడేవాడిదా అన్న చోట తేడా ఉంది. అది పైకి కనిపించదు, వేలికి తెలుస్తుంది.

వేలితో పాటే

వారం పోయాక పిన్ని ఇంకో మాట అంది. "ఇది వేలితో పాటే వస్తోందిరా. పాతది వేలు వెనకాల వచ్చేది." విచిత్రమేమిటంటే, ఆవిడ పాత ఫోను తెర సెకనుకు 90 సార్లు బొమ్మ మార్చుకోగలదు. ఐఫోన్ 14 తెర 60 సార్లే. కాగితం మీద పాతదే చురుకైనది.

తెర సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో బొమ్మ గీయడానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే ఉంటుంది. ఆ గడువులో గీయడం పూర్తికాకపోతే పాత బొమ్మే ఇంకోసారి కనిపిస్తుంది, మన కంటికి అది చిన్న కుదుపు. అందుకే ఎన్నిసార్లు మారగలదన్న దానికన్నా, గడువు ఎన్నిసార్లు తప్పిందన్నది ముఖ్యం.

తొలి ఐఫోను వాడినవాళ్లకు ఒక దృశ్యం గుర్తుండాలి. సఫారీ బ్రౌజరులో పొడుగాటి పేజీని వేగంగా పైకి తోస్తే, అక్షరాలు ఇంకా గీయనిచోట చదరంగం బల్లలా బూడిద రంగు, తెలుపు గళ్లు కనిపించేవి. వేలు ఆగితే ఆ గళ్ల మీద పేజీ మెల్లగా తేలేది. ఆ ఫోను చిప్పు బలహీనమైనది, పేజీని అంత వేగంగా గీయలేదు. గీయడం అయ్యేదాకా తెరను ఆపాలా, లేక ఖాళీ గళ్లయినా సరే వేలితో పాటు కదిలించాలా? ఆపిల్ రెండోది ఎంచుకుంది. వేలికి అబద్ధం చెప్పకూడదు, కంటికి కావాలంటే తర్వాత సర్దిచెప్పుకోవచ్చు. కదలికల పనిని యాప్ చేతిలో పెట్టకుండా పక్కన వేరే విభాగానికి అప్పగించింది. యాప్ ఏదో లెక్కలో మునిగి ఉన్నా, ఒకసారి మొదలైన కదలిక ఆగదు.

ఆండ్రాయిడ్ పుట్టింది వేరే ఇంట్లో. 2005లో గూగుల్ కొన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది బ్లాక్‌బెర్రీలా అక్షరాల మీటలున్న ఫోను. 2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ వేదికెక్కి ఐఫోను చూపించాక ఆ నమూనా పక్కకు పోయి, వేలితో తాకే తెర ముందుకు వచ్చింది. పునాది మాత్రం పాతదే. తెరను చిత్రాల చిప్పుతో గీయించడం ఫోన్లలో 2011 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0తో గానీ మొదలవలేదు. మరుసటి ఏడాది 4.1లో 'ప్రాజెక్ట్ బటర్' అని పేరు పెట్టి, తెర ఎప్పుడు మారుతుందో ఆ తాళానికే గీతలన్నీ పడేలా సరిచేశారు. వేలు తెరను తాకగానే చిప్పు వేగం పెరిగే ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. గీసే పనిలో కొంత భాగాన్ని వేరే దారికి మళ్లించడం 2014లో ఆండ్రాయిడ్ 5.0 దాకా ఆగింది. అంటే ఐఫోను మొదటి రోజే పెట్టుకున్న నియమాన్ని ఆండ్రాయిడ్ ఏడేళ్లపాటు విడతలవారీగా కట్టుకుంది.

ఇప్పుడు ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ తేడా నాకు కనిపించదు. నిజానికి సెకనుకు 120 సార్లు మారే తెర పదిహేను వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చిన ఎన్నో ఏళ్లకు, 2025 సెప్టెంబరులో గానీ ఆపిల్ తన మామూలు ఐఫోనుకు దాన్ని ఇవ్వలేదు. కానీ పిన్ని పాత ఫోను ఖరీదైనది కాదు. చవక ఫోనులో నిల్వ చిప్పు నెమ్మదిగా పనిచేస్తుంది, నిండేకొద్దీ ఇంకా ఆయాసపడుతుంది. పొద్దున్నే వచ్చి పడే గుడ్ మార్నింగ్ బొమ్మలతో అది ఎప్పుడూ నిండే ఉంటుంది.

కాదు అనే చోట

అసలు ఈ ఫోను పిన్ని చేతిలో మోగడానికే పది రోజులు పట్టింది. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14కు సిమ్ పెట్టే అర ఉండదు, అన్నీ ఈ-సిమ్‌లే. పాత ఫోనులోంచి తీసిన చిప్పును అరచేతిలో పెట్టుకుని "దీన్ని ఎక్కడ దూర్చాలి?" అని పిన్ని ఫోనును నాలుగు వైపులా తిప్పి చూసింది. సిమ్ కంపెనీ దుకాణానికి రెండుసార్లు తిరిగి, ఆ చిప్పును కనిపించని సిమ్‌గా మార్పించుకున్నాం. సిమ్ అర లేకపోవడం ఎంత కొత్త సౌకర్యమో గానీ, చిప్పు తీసి ఇంకో ఫోనులో వేసుకునే మన పాత స్వేచ్ఛ ఆ అరతో పాటే పోయింది.

తర్వాత యూపీఐ. డబ్బులు పంపే యాప్ కొత్త ఫోనులో పనిచేయాలంటే, ఆ సిమ్ ఈ ఫోనులోనే ఉందని బ్యాంకుకు రుజువు చూపాలి. అందుకు ఫోను నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. పాత ఫోనులో యాప్ అనుమతి అడిగి, తానే పంపేసుకునేది. పిన్నికి ఆ సంగతే తెలియదు. ఐఫోనులో మెసేజ్ పెట్టె తెరుచుకుంది, అందులో అర్థంకాని అక్షరాల వరుస, పక్కన పంపే బాణం. "ఇదేదో మోసం మెసేజ్‌లా ఉంది, నొక్కను" అంది పిన్ని. టీవీలో సైబర్ నేరాల కార్యక్రమాలు చూసి చూసి ఆవిడకు అబ్బిన జ్ఞానం అది, తప్పుపట్టలేను.

ఆ బాణం మనమే నొక్కాలనడం లోపం కాదు, నియమం. ఐఫోనులో ఏ యాపూ యజమాని వేలు పడకుండా ఎస్సెమ్మెస్ పంపలేదు, వచ్చిన ఎస్సెమ్మెస్‌లన్నీ తెరిచి చదవలేదు. ఓటీపీ వస్తే దాన్ని చదివేది ఐఫోనే, మీటల పైన చూపించి ఊరుకుంటుంది. యాప్‌కు అందేది మనం నొక్కిన ఆ ఆరంకెలు మాత్రమే. ట్రూకాలర్ సంగతీ అంతే. పాత ఫోనులో మోగుతుండగానే పేరు చూపించేది. ఐఫోనులో ఏళ్ల తరబడి ముందే దించి పెట్టుకున్న జాబితాతో సరిపెట్టుకుని, అప్పటికప్పుడు కనుక్కుని చెప్పే వీలు 2025 జనవరి చివర్లో గానీ దొరకలేదు. మన దగ్గర పేరు తెలియని నంబరు ఎత్తని వాళ్లెందరో, వాళ్లందరికీ ఇది చిన్న సంగతి కాదు.

ఇంత బిగువు ఎందుకని విసుగు పుట్టే మాట నిజం. కానీ 2020 చివరి నెలల్లో తెలంగాణలో రుణ యాప్‌ల ఆగడాలు గుర్తున్నవాళ్లు ఆ విసుగును కాస్త ఆపుకోగలరు. అప్పు ఇచ్చే ముందు ఫోనులోని నంబర్లన్నీ లాగేసుకుని, వాయిదా తప్పితే బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీసేవాళ్లు. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, పోలీసు కేసులు పడ్డాయి. 2021 జనవరిలో గూగుల్ చాలా యాప్‌లను తీసేసింది. అప్పిచ్చే యాప్ ఫోను నంబర్లనూ ఫొటోలనూ ముట్టుకోరాదన్న కచ్చితమైన నియమం మాత్రం 2023 మే ఆఖరున గానీ అమల్లోకి రాలేదు. ఆపిల్ కోట కూడా అభేద్యమేమీ కాదు, అదే ఏడాది జులైలో అది కూడా తన దుకాణంలోంచి అలాంటి యాప్‌లను ఏరేయాల్సి వచ్చింది. తేడా అలవాటులో ఉంది. నంబర్ల పుస్తకం తెరిచేముందు ఆ క్షణానే అడగాలన్న నియమం ఐఫోనుకు 2012లో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో 2015 దాకా, యాప్ ఎక్కించేటప్పుడు చూపే పొడుగాటి జాబితాకు మొత్తంగా ఒప్పుకోవడం, లేదా యాప్‌నే వద్దనుకోవడం, ఈ రెండే దారులు.

ఏ ఆండ్రాయిడ్?

ఐఫోనును ఆండ్రాయిడ్‌తో పోల్చడంలోనే ఒక తిరకాసు ఉంది. ఐఫోను ఒకటే. ఆండ్రాయిడ్ అన్నది బియ్యం లాంటి మాట, ఏ ఇంటి వంట అన్నది తర్వాతి ప్రశ్న.

ఆండ్రాయిడ్ మూలాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ప్లే స్టోర్, మ్యాప్స్, యూట్యూబ్ మాత్రం ఉచిత మూలంలో లేవు, వాటికి గూగుల్‌తో ఒప్పందం కావాలి. ఈ రెండింటి మధ్య తేడా ఏమిటో 2019 మేలో చైనా కంపెనీ హువావేకు తెలిసొచ్చింది. అమెరికా ఆంక్షల వల్ల గూగుల్ చేయి వదిలేసింది. ఆ తర్వాత వచ్చిన హువావే ఫోన్లలో ఆండ్రాయిడ్ ఉంది, ప్లే స్టోర్ లేదు. చైనా బయట వాటిని కొనేవాళ్లు కరువయ్యారు. చివరికి ఆ కంపెనీ సొంత వ్యవస్థ కట్టుకుని, 2024లో ఆండ్రాయిడ్‌తో సంబంధమే లేని వెర్షన్‌ను చైనాలో తెచ్చింది. మన దేశంలో ఇదే ఒప్పందాన్ని పట్టుకుని, గూగుల్ తన యాప్‌లన్నిటినీ మూటగా అంటగడుతోందని కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మరుసటి మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కూడా ఆ జరిమానాను ఖాయం చేసింది.

గూగుల్ తర్వాత మాట ఫోను కంపెనీది. 2015లో షియోమీ మన శ్రీసిటీలో ఫోన్లు చేయించడం మొదలుపెట్టిన నాటి నుంచి తెలుగు ఊళ్లలో చవకగా, మంచి హంగులతో ఫోన్లు రావడం అందరం చూశాం. ఫోను అమ్మితే వచ్చే లాభం అంత తక్కువైనప్పుడు, డబ్బు వేరే చోట పుట్టాలి. అందుకే చవక ఫోన్లలో సెట్టింగ్స్ మధ్యన ప్రకటనలు, మనం అడగని ఆటలు, తాళం తెర మీద సినిమా తారల కబుర్లు. ఏ కంపెనీ అని చెప్పను గానీ, పిన్ని పాత ఫోనులో తాళం తెర తీయబోతే ఎప్పుడూ ఏదో ఒక వజ్రాల నగల వార్త తెరుచుకునేది. అదే ఫోను బ్యాటరీ మిగల్చాలన్న అత్యుత్సాహంతో, వెనక పనిచేస్తున్న యాప్‌లను గొంతు నులిమేసేది. మందుల వేళ గుర్తుచేసే యాప్ మూడు రోజులు మోగి నాలుగో రోజు నుంచి ఊరుకునేది. ఆ యాప్ రాసినవాడి తప్పు కాదది, గూగుల్ తప్పూ కాదు. మధ్యవాడి నిర్ణయం.

అందుకే "ఆండ్రాయిడ్ ఇలా ఉంటుంది" అన్న మాట విన్నప్పుడల్లా నేను "ఎవరి ఆండ్రాయిడ్?" అని అడుగుతాను. పిక్సెల్ వాడేవాడికి, శాంసంగ్ వాడేవాడికి, పది వేల ఫోను వాడేవాడికి ఒకే అనుభవం ఉండదు. కొత్త వెర్షన్లు అందడంలోనూ అంతే. 2015 నాటి ఐఫోన్ 6ఎస్‌కు 2021లో వచ్చిన ఐఓఎస్ 15 దాకా అందాయి. అప్పట్లో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు రెండేళ్లు దక్కితే గొప్ప. 2023లో పిక్సెల్ 8కు గూగుల్, మరుసటి ఏడాది గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల హామీ ఇచ్చాక లెక్క మారింది. అదీ ఖరీదైన ఫోన్లకే.

జ్ఞానం మింగుడుపడని ఫోను

ఎవరి మాట చెల్లుతుందన్న ఈ సంగతి తెలుగువాళ్లకు ఒకసారి మన అక్షరంతోనే తెలిసొచ్చింది.

ముందుగా పాత రోజులు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే వరుసగా పెట్టెలే కనిపించేవి. ఒపేరా మినీ బ్రౌజరులో ఒక రహస్యపు సెట్టింగు పేజీకి వెళ్లి, క్లిష్టమైన లిపులను బొమ్మలుగా పంపమని అడిగితే, సర్వరు తెలుగును బొమ్మలుగా మార్చి పంపేది. అలా పేపర్లు చదివిన తరం ఒకటుంది. 2012లో ఆండ్రాయిడ్ 4.1తో తెలుగు, కన్నడ, మలయాళం వ్యవస్థలోనే చేరాక పెట్టెలు పోయాయి. ఆ తర్వాత గూగుల్ చేయించిన 'నోటో' అక్షరాల పేరుకు అర్థం కూడా అదే. అలాంటి ఖాళీ పెట్టెను టోఫు అంటారు, నోటో అంటే టోఫు ఇక లేదని.

ఇక 2018 ఫిబ్రవరి. ఒక తెలుగు అక్షరం ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్లు కుప్పకూలుతున్నాయని ప్రపంచమంతా గోల. ఆ అక్షరం 'జ్ఞా'. మామూలుగా రాసే జ్ఞా కాదు, దాని మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు దూరిన జ్ఞా. ఫోను దృష్టిలో మామూలు జ్ఞా కూడా ఒక అక్షరం కాదు, వరుసగా నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. తెర మీద గీసేటప్పుడు ఞ వెళ్లి జ కింద వత్తుగా చేరాలి. చివర్న ఉన్న దీర్ఘం మాత్రం వత్తును దాటి పైనున్న జకు అంటుకోవాలి. రాసే వరుస ఒకటి, గీసే వరుస ఇంకొకటి. ఆ దీర్ఘానికి ముందు 'కలపవద్దు' అని చెప్పే అదృశ్యపు గుర్తు వచ్చి పడితే, దీర్ఘం ఎటు పోవాలో ఆపిల్ అక్షరాల యంత్రానికి అంతుపట్టలేదు, చేతులెత్తేసింది. మెసేజ్ నోటిఫికేషన్‌గా వస్తే మొత్తం ముఖతెరే కూలిపోయి మళ్లీ మళ్లీ లేచేది. అప్పట్లో ఐఫోనుకు జ్ఞానం మింగుడు పడలేదని మన వాళ్లం తెగ నవ్వుకున్నాం.

ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ కాలేదు. వాటిలో అక్షరాలను కూర్చేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఎందరో చేతులు పడినది. ఆపిల్ యంత్రం ఆపిల్‌దే, అందుకే అందులో తప్పు దొర్లితే ఐఫోను, ఐప్యాడ్, వాచీ, కంప్యూటరు అన్నీ ఒకేసారి పడ్డాయి. కానీ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది, ఆ రోజే ప్రపంచంలో ఎవరైనా దాన్ని ఎక్కించుకోగలిగారు. అదే పొరపాటు ఆనాటి ఆండ్రాయిడ్‌లో పడి ఉంటే, గూగుల్ దిద్దిన దిద్దుబాటు ఒక్కో కంపెనీ దాటుకుని మన ఊరి ఫోను దాకా చేరేసరికి పండగలు మారిపోయేవి. పడేసేదీ లేపేదీ ఒకే చేయి కావడం ఐఫోను. ఆండ్రాయిడ్‌లో చేతులు ఎక్కువ, ఎవరిని పిలవాలో తెలియదు.

అందరికన్నా వేరుగా ఉన్నది

నేను వాడిన ఫోన్లన్నిటిలో దేనికీ పోలిక లేనిది ఏదంటే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా విండోస్ ఫోన్ అంటాను. 2010లో వచ్చింది. బొమ్మల గుర్తులకు బదులు రంగురంగుల పలకలు, ఆ పలకల మీదే కదిలే కబుర్లు. పెద్ద పెద్ద అక్షరాల్లో శీర్షిక, అది తెర అంచు దాటి సగం తెగి ఉండేది. పక్కకు తోస్తే మిగతా సగం ఉందని ఆ తెగిన అక్షరమే చెప్పేది. నోకియా చేసిన లూమియాల పసుపు, నీలి ఒంటి రంగులు ఇప్పటికీ కళ్లకు కడతాయి. చవక లూమియాలో కూడా తెర వేలితో పాటే వచ్చేది.

అయినా బతకలేదు. ఫోను కంపెనీలకు ఆండ్రాయిడ్ ఉచితం, విండోస్‌కు రుసుము కట్టాలి. 2012లో విండోస్ ఫోన్ 8 వచ్చినప్పుడు అప్పటికే కొన్నవాళ్ల ఫోన్లకు దాన్ని ఇవ్వలేదు, ఉన్న కొద్దిపాటి అభిమానుల మనసు విరిగింది. గూగుల్ తన యూట్యూబ్ యాప్‌ను దానికి రాయలేదు, మైక్రోసాఫ్ట్ తానే రాస్తే 2013లో అడ్డుకుంది. వాడేవాళ్లు తక్కువని యాప్‌లు రాయలేదు, యాప్‌లు లేవని వాడేవాళ్లు రాలేదు. నోకియా ఫోన్ల వ్యాపారం 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చేనాటికి, రెండు నెలల ముందే మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఆ కంపెనీ పగ్గాలు పట్టుకున్నారు. మరుసటి ఏడాది జులైలో ఆ కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేయాల్సి వచ్చింది. తన కాలంలో జరగని ఒప్పందానికి చిట్టా ముగించే పని ఆయన మీద పడింది.

అంతకుముందు పామ్ కంపెనీ చేసిన వెబ్‌ఓఎస్ ఉండేది. 2009లో వచ్చి, హెచ్‌పీ చేతిలో పడి, 2011 ఆగస్టుకల్లా ఫోన్ల నుంచి తప్పుకుంది. తెరిచి ఉన్న యాప్‌లు పేకముక్కల్లా వరుసగా కనిపించడం, వద్దనుకున్నదాన్ని పైకి విసిరేయడం దాని ఆలోచనే. దాన్ని రూపొందించిన మాటియాస్ డువార్టే తర్వాత గూగుల్‌లో చేరి ఆండ్రాయిడ్ ముఖాన్ని దిద్దారు. 2017లో ఐఫోన్ 10 మీట తీసేసి, కింది నుంచి పైకి తోస్తే పేకముక్కలు చూపించినప్పుడు, వెబ్‌ఓఎస్ వాడినవాళ్లకు పోయిన చుట్టం ఎదురుపడ్డట్టు అనిపించింది. అది ఇప్పుడు ఎల్‌జీ టీవీల్లో బతుకుతోంది.

బుడగ రంగు

మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌వే. ఐఫోను వాడేవాళ్లూ కబుర్లు చెప్పుకునేది వాట్సాప్‌లోనే. పిన్ని రోజులో మూడొంతులు వాట్సాప్, యూట్యూబ్, డబ్బుల యాప్ ఈ మూడింట్లోనే గడుస్తుంది. ఆ మూడూ రెండు ఫోన్లలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. 2022 దాకా ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు వాట్సాప్ కబుర్లు తెచ్చుకునే సరైన దారి కూడా లేదు, అదే చాలామందిని పాత గట్టునే ఆపేది. ఇప్పుడు అదీ తీరింది.

డాలస్ సంగతి వేరు. అక్కడ ఐఫోన్లన్నీ మాట్లాడుకునేది ఆపిల్ సొంత మెసేజ్ పద్ధతి ఐమెసేజ్‌లో. ఐఫోను నుంచి ఇంకో ఐఫోనుకు పంపిన మాట నీలి బుడగ, ఆండ్రాయిడ్‌కు పంపితే ఆకుపచ్చ బుడగ. ఆకుపచ్చవాడు గుంపులో చేరితే ఫొటోలు మసకబారేవి, ఎవరు చదివారో తెలిసేది కాదు. అక్కడి తెలుగు ఇళ్లలో పదమూడేళ్ల పిల్లలు ఐఫోనే కావాలని అన్నం మానేసేది కెమెరా కోసం కాదు, బుడగ రంగు కోసం. 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఆర్‌సీఎస్ అనే కొత్త పద్ధతి చేరి ఫొటోలు బాగుపడ్డాయి. బుడగ మాత్రం ఆకుపచ్చగానే ఉంచారు. సాంకేతికంగా అందుకు అవసరమేమీ లేదు.

ఇక చేతికి తగిలే హార్డ్‌వేరు సంగతి. నోకియా 1100కు లోకమంతా గుర్తుంచుకునే ప్రత్యేకత దాని టార్చి, కరెంటు పోయిన రాత్రి దాని విలువ తెలిసిన ఊళ్లు మనవి. నథింగ్ కంపెనీ ఫోను వెనక దీపాల గీతలు వెలిగిస్తే చూడముచ్చటగానే ఉంటుంది, నెల తిరిగేసరికి ఆ ఫోనును బల్ల మీద బోర్లా పెట్టడం మానేస్తాం. వైబ్రేషన్ అలా కాదు. చవక ఫోనులో ఒక పక్కకు బరువున్న చిన్న మోటారు గిర్రున తిరుగుతుంది, ఆగడానికి సమయం పడుతుంది, అందుకే చెయ్యంతా జివ్వుమంటుంది. మంచి ఫోనులో ఒక బరువు ముందుకూ వెనక్కూ కదిలి టక్కున ఆగుతుంది. మీటే లేని చోట మీట నొక్కినట్టు వేలిని నమ్మించేది అదే. ఎవరూ దాన్ని చూసి ఫోను కొనరు, పోయిన రోజున మాత్రం ఏదో తగ్గిందని తెలుస్తుంది.

సెప్టెంబరులో పిన్ని ఫోనుకు ఐఓఎస్ 26 ఎక్కించాను. తెరంతా గాజు. "అక్షరాలు నీళ్లలో మునిగినట్టున్నాయి, నా కళ్లద్దాలు మార్చాలేమో" అని ఆవిడ కంగారు పడితే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి పారదర్శకత తగ్గించి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం మళ్లీ పిలుపు. ఆ సెట్టింగ్స్‌లోనే ఏదో చూస్తూ, పొరపాటున వేలిని తెర నడిమధ్య ఎడమ నుంచి కుడికి జరిపిందట. అంచు ముట్టుకోకుండానే ముందటి తెర వచ్చేసింది.

"వెనక్కి వస్తోందిరా! నిన్న నువ్వేమైనా చేశావా?"

నేనేమీ చేయలేదు. ఈసారి కాలిఫోర్నియాలో ఎవరో మనసు మార్చుకున్నారు.